జనవరి చీటీలు

పజుండౌంగ్, రంగూన్
9 మే 2021, ఆదివారం

చి.ల.సౌ. విజయశ్రీకి,

మీ అక్క కనకరత్నం దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. సాయంత్రం తలుపు గడియ పెట్టేసరికి ఎవరూ తక్కువ కాకుండా లోపల ఉండడమే ఈ రోజుల్లో క్షేమం కనుక, ఆ లెక్కన క్షేమమే. మా పాపకి కింద రెండు పళ్ళు వచ్చాయి. మీ బాబు బోర్లా పడి పాకుతున్నాడని తెలిసి సంతోషించాను.

గద్దెనెక్కిన సైన్యం ఫోన్లో నెట్ తీసేసి రెండు నెలలవుతోంది. మామూలుగా మాట్లాడదామంటే అత్తమ్మ నా పక్కనుంచి కదలదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ ఆయన, మా మరిది, దుకాణానికి వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. కవరు గట్టిగా అంటించాను, విప్పవద్దని ఒట్టు కూడా వేయించుకుంటాను.

జనవరిలో చేయించుకున్న సుగర్ పరీక్ష చీటీ పంపమన్నావట. పెద్దాసుపత్రి డాక్టర్లు సమ్మెలో ఉన్నారు కాబట్టి కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నావని, ఆవిడ పాత చీటీ చూడాలందని మరిది చెప్పాడు. ఇద్దరి చీటీలూ ఆ రోజు నేనే తెచ్చాను గనుక ఇక్కడే ఉండాలి. బీరువాలో చూశాను, దొరకలేదు. అయినా పాత చీటీతో నీకేం పని? అత్తమ్మ మాటలు వింటే నీ అంత ఆరోగ్యవంతురాలు ఈ ఊళ్ళోనే లేదు.

అవునమ్మా, కుళ్ళుతోనే రాస్తున్నాను. ఆవిడ మీ ఇంట్లో పదిహేను రోజులుండి వచ్చినప్పటినుంచి నాకు పొద్దున లేస్తే నీ భజనే. ఆ పిల్ల సుగరుందని తెలిసిన కాణ్ణించి కడుపు కట్టుకుని, కాళ్ళు కట్టుకోకుండా తిరుగుతోంది, నీకేటి, అన్నీ బాగున్నాయని కూకున్నావు అంటోంది. పెళ్ళినాటి జాకెట్లు నీకు మళ్ళీ పట్టాయట. అవి కూడా ఆవిడే చూసొచ్చి చెప్పాలా? నా జాకెట్లకి నేను రెండుసార్లు కుట్లు విప్పుకున్నాను.

మీ ఆరో అంతస్తునుంచి కూరకి ఒకసారి, నూనెకి ఒకసారి, బాబుని ఎత్తుకుని ఊరికే ఒకసారి దిగి ఎక్కుతావట. నేను వసారాలోంచి తాడు వదిలితే కూరలమ్మి సంచీ కడుతుంది, లాక్కుంటాను. రంగూన్‌లో అందరూ చేసేదే కదా, నేనే ఏదో నేరం చేసినట్టు అత్తమ్మ ఆ తాడు వంక చూస్తుంది.

ఫిబ్రవరిలో రోజూ ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలు కొట్టేవాళ్ళం చూడు, పట్టిన పీడ పోవాలని. ఆ చప్పుడుకి నువ్వు నిలబడ్డచోటే అరగంట కాళ్ళు ఆడించేదానివట, నిన్ను చూసి మీ అంతస్తు బర్మా ఆడవాళ్ళు కూడా మొదలెట్టారట, అక్కా అన్నట్టు వాళ్ళ మాటలో మ విజయ, మ విజయ అంటూ నీ చుట్టూ చేరారట. సైనికులు కిటికీల మీదికి రాళ్ళు విసరడం మొదలయ్యాక గిన్నెలు ఆగాయి గానీ నీ కాళ్ళు ఆగలేదట. నేను కూడా కొట్టానమ్మా ఆ గిన్నెలు. కుర్చీలో కూర్చుని కొట్టాను.

నీకు గుర్తుందో లేదో, మనిద్దరికీ కడుపుతో ఉండగా ఒకే నెలలో సుగర్ బయటపడింది. నీకు తిండి మార్చితే సరిపోయింది. నేను రోజూ బొడ్డు పక్కన సూది పొడుచుకున్నాను. నీకు మామూలు కాన్పు, నాకు కోత. నువ్వు కన్నది మగపిల్లాడిని. బాలింతలిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి వచ్చినవాళ్ళంతా ముందు నీ ఒళ్ళోకే చూశారు. నువ్వు ఏ తప్పూ చేయలేదు, ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గదు.

మొన్న మీ బావగారు కూడా డబ్బా పాల టీ తాగుతూ, విజయని చూసి నేర్చుకో అన్నారు. ఆయన గ్లాసు లాక్కుని మిగతాది నేనే తాగేశాను. ఆయన నవ్వారు. నాకు సుగర్ లేదు కదా, ఎవరు వద్దంటారు?

చీటీ దొరికితే పంపుతాను. లేకపోతే పోయిందని చెప్పు, ఈ గొడవల్లో ఎవరింట్లో ఏ కాగితం మిగిలింది గనుక. బాబుకి నా ముద్దులు.

ఇట్లు
నీ తోడికోడలు
కనకరత్నం

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. చీటీలు రెండూ ఇందులో పెడుతున్నాను. పేర్లు సరిగ్గా చూసుకో. నూట పది నీది. రెండు వందలు దాటింది నాది. ఆ రోజు గుమ్మంలోనే అత్తమ్మ ఏటైంది అని అడిగింది. నాది బాగుందని ఒక్క అబద్ధంతో ఊరుకుందామనుకున్నాను. నీది కూడా బాగుందని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు, నీకే ఉందన్నాను. నాలుగు నెలలు నా జబ్బుకి నువ్వు మెట్లెక్కావు. నా గొంతు ఎండిపోతోంది, మూడో అంతస్తు దగ్గర కళ్ళు తిరుగుతున్నాయి, ఇంట్లో ఎవరికీ చెప్పలేను. ఇప్పుడు నీకే మొదట చెబుతున్నాను. చీటీ మంచిదని నడక మానకు, కడుపుతో ఉండగా వచ్చినవాళ్ళకి ముందుముందు మళ్ళీ రావచ్చని అప్పటి పెద్దాసుపత్రి డాక్టరమ్మ మనిద్దరికీ చెప్పింది. నన్ను తిట్టాలనిపిస్తే ఫోన్లో తిట్టకు, అత్తమ్మ వింటుంది. వచ్చి తిట్టు. మాది ఐదో అంతస్తే, నీకదో లెక్కా?