కాళ్ల మీది బతుకు

ఫిబ్రవరి 9, 1947

మద్రాసు మిల్లాయన మళ్లీ వచ్చాడు. గ్రౌండు అంచున గొడుగేసుకుని ఆట చివరిదాకా నిలబడ్డాడు. "ఏం తంబీ, ఉత్తకాళ్లతోనే ఇంత పరుగా?" 'కొండమెట్ల మీద పెరిగిన కాళ్లు' అనబోయాను. మిల్లు ఫుట్‌బాల్ టీములో చోటు, నెలజీతం, ఉండటానికి గది ఇస్తారట. మార్చి పరీక్షలయ్యేదాకా ఆగమంటే తల అడ్డంగా ఊపాడు. పోటీలు అప్పుడేనట. బి.ఎ. పూర్తవడానికి ఈ ఒక్క పరీక్షే మిగిలింది...

ఫిబ్రవరి 10

నాయనకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"కొండకు డోలీ మోసి, కాళ్లు అమ్ముకోని బతికినా. నువ్వూ అదేనా? ఇన్నాళ్లు సదివింది ఇందుకేనా?"

బంతాటకూ డోలీకీ పోలికేమిటని వాదించాను. అమ్మ — "సాల్లేరా, తిననీ ఆయప్పను." అంతటితో సరి.

ఫిబ్రవరి 13

కొండకు బస్సు పడ్డాక డోలీ ఎక్కేవాళ్లేరీ? నాయన పొద్దున్నే అలిపిరికి పోయి కూర్చుంటాడు, వట్టి చేతులతో వస్తాడు. అమ్మ కట్టే పూలే మాకు కూడు పెడుతున్నాయి. అది చూస్తూ పుస్తకం పట్టుకుని ఎలా కూర్చోను? చదువు మానేస్తానని నాయనతో మళ్లీ ఎలా అనను? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఫిబ్రవరి 20

చదవలేదు. ఆడలేదు.

మార్చి 2

బస్సంటే భయపడే ముసలమ్మ ఒకావిడ వచ్చింది. పిట్టంత మనిషి, మోయడానికి ఇద్దరు చాలు. నాయన జతగాడు ఎప్పుడో గనుల పనికి పోయాడు. "రారా, డోలీ కర్రకు వెనక కొమ్ము పట్టుకో." పిలిచాడన్న సంతోషంతోనే వెళ్లాను.

ముందు నాయన. మొదటి మెట్టు నుంచీ పరుగులాంటి నడక. కాసేపటికి అర్థమైంది — నా కాళ్లింకా సంపాదిస్తాయి, నువ్వు పోయి పరీక్షకు కూర్చో అని చూపిస్తున్నాడు. మోకాళ్ల పర్వతం నిలువు మెట్ల దగ్గర ఆయన ఊపిరి ఈల వేస్తోంది. నాకు వినిపిస్తూనే ఉంది. డోలీలో మనిషి ఉండగా 'మెల్లగా' అన్న మాట మోసేవాళ్లు అనరు, కూర్చున్నవాళ్లు బెదురుతారు. చిన్నప్పుడు నాయనే నేర్పాడు. ఆయన గోవిందా అంటే నేనూ గోవిందా అన్నాను. అంతే.

పైన ముసలమ్మను దించాం. "సూసినావా?" అని నవ్వాడు. నవ్వుతూనే కూలబడ్డాడు. ఎడమకాలు మడవలేకపోయాడు.

కిందికి బస్సులోనే తెచ్చాను. దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది నాకు.

మార్చి 5

మోకాలు గుమ్మడికాయలా వాచింది. ఇక కొండ మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. మిల్లాయన కబురు — పన్నెండో తేదీ పొద్దుటి రైలుకు రాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటారట. పరీక్ష మొదలయ్యేదీ ఆ పొద్దునే. పరాచికాలకు దేవుడికి నేనే దొరికాను.

మార్చి 11

నాయన అమ్మతో అంటున్నాడు — "నా కాలు పోతే పోనీలే. వాడు పరీచ్చ రాస్తాడు, అది సాలు."

నాకు వినిపించాలనే గట్టిగా అన్నాడేమో.

మార్చి 12

తెల్లవారింది. అమ్మ సద్ది కట్టి ఇచ్చింది, యాడికని అడగలేదు. కలం జేబులో పెట్టుకున్నాను. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాను. ఇంకా ఏమీ తేలలేదు...

నాయన మంచం మీద నుంచే — "కాలేజీకే కదరా?"

"ఆ."

స్టేషనుకు పోవాలన్నా దారి అదే.