అమావాస్యనాడు మూత లేని మగ్గం గుంతను గురించి

ధర్మవరం సబ్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, అదే ఊరి నివాసి సాయిప్రసాద్ సమర్పించుకొను అర్జీ.

విషయం: మా పెద్దప్ప ఇంటి మగ్గం గుంతలో పడి మా పాప చెయ్యి విరుగుట – కేసు పెట్టకుండా గట్టిగా భయపెట్టవలసినదిగా కోరుట.

అయ్యా,

1. నేను రైల్లో హిందూపురం ఫ్యాక్టరీకి, నా భార్య మమత ఊరి బయట గార్మెంట్స్ పనికి పోవుదుము. మా ఐదేండ్ల పాప మోక్షితను ఎదురింటి పెద్దప్ప మద్దిలేటి, పెద్దమ్మ అనసూయమ్మల దగ్గర విడుచుట పరిపాటి.

2. సదరు పెద్దప్ప మగ్గం నేయునపుడు కాళ్లు పెట్టుకొను గుంత నడింట్లో కలదు. పనిదినములలో ఆ గుంతకు మూత పెద్దప్పే. కాళ్లు గుంతలో, కేకలు ఇంటినిండా ఉండును గనుక ఏ పిల్లా అటు పోదు. అమావాస్యనాడు మగ్గానికి సెలవు. టెంకాయ కొట్టి, పెద్దప్ప మంచమెక్కి గురక పెట్టినాడు. గుంత మాత్రం డ్యూటీలోనే ఉండెను. పెద్దప్ప మనవరాలితో దాగుడుమూతలాడుతూ పాప అందులో దాక్కోబోయి జారిపడినది. ఎడమ మణికట్టు విరిగినది.

3. పెద్దమ్మ మాకు ఫోన్ చేయలేదు. పసుపు పట్టించి, పట్టుచీర అంచుముక్కతో కట్టు కట్టి, భలే కుదిరిందని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టినది. కన్నతల్లికి బిడ్డ సంగతి ఆ స్టేటస్ చూసి తెలిసినది. అయ్యా, మమత కుట్టుమిషన్ ముందునుంచి లేచి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చినది. తమరికి పిల్లలుంటే ఇంతకన్నా రాయనక్కరలేదు.

"మీరు పనిలో ఉంటారు, బెదురుతారని చెప్పలేదప్పా" అని పెద్దమ్మ సంజాయిషీ.

4. గుంతపై చెక్క వేయించమని అడుగగా పెద్దప్ప, "ఈ గుంత మా నాయన కాలం నుంచీ ఈడనే ఉండాది. మీ పాపే నిన్న మొన్న వచ్చింది. దాన్నే పక్కకు జరుపుకో పో" అన్నాడు. పైగా పాప పడుతూ పట్టుకున్న మగ్గం మీది పడుగు దారాలు తెగినవని, అతికేసరికి తల ప్రాణం తోకకొచ్చిందని వీధంతా చాటుచున్నాడు. ఎముక ఎప్పటికి అతుక్కుంటుందని ఒక్కసారీ అడగలేదు. ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండుచున్నది.

5. పాపను విడుచుటకు మాకు వేరే ఇల్లు లేదు. దానికీ వేరే ఇల్లు వద్దట. ఆస్పత్రిలో వేసిన పిండికట్టుతోనే "అవ్వ దగ్గరికి పోతా" అని ఏడ్చుచున్నది. సోమవారం మళ్లీ అక్కడే విడవవలెను. గుంతకు చెక్క ఇంకా పడలేదు.

కావున తమరు యూనిఫారంలో ఒకసారి వచ్చి, గుంత మూయవలెనని, పిల్లకు దెబ్బ తగిలితే ముందు తల్లిదండ్రులకు ఫోన్ పోవలెనని గద్దించవలెను. స్టేషన్‌కు మాత్రం తీసుకుపోవద్దు, పెద్దప్పకు బీపీ. కాఫీ ఇస్తే తాగవలెను, లేకుంటే పెద్దమ్మ నొచ్చుకొనును.

పై సంగతులు చిత్తగించి, లాఠీ జీపులోనే ఉంచి అనుగ్రహించవలెను.

తమ విధేయుడు (పెద్దప్పకు ప్రస్తుతం కాదు),
సాయిప్రసాద్

తా.క.: సంతకం పెడుతుండగా, పాపతో ఆడుకోను మా ఇంటికి వచ్చిన పెద్దప్ప మనవరాలు మా మిద్దెమెట్ల మీద నుంచి పడి గడ్డం పగలగొట్టుకున్నది. ఆ మెట్లకు పక్కగోడ లేదు. ఇప్పుడు ఆస్పత్రి వరండాలో ఉన్నాము, లోపల కుట్లు వేస్తున్నారు. "పెద్దమ్మకు ఫోన్ చెయ్యి" అంటాంది మమత. "నువ్వే చెయ్యి" అంటాండా నేను. పెద్దమ్మ నంబరు కాగితం వెనక రాసినాను. తమరే చేసి, కొంచెం మెల్లగా చెప్పగలరు.