పన్నెండు నోటు పుస్తకాల్లో లేని ఇంటిపేరు

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ నీ కూతురు సునీతను చూడటానికి మలేషియాలో, ఈ బంటింగ్‌లో మనింటికి పెళ్లివారు వచ్చారు. ఒకే ఇంటిపేరైతే సంబంధం కుదరదు కాబట్టి, అబ్బాయి తాత మొట్టమొదట అదే అడిగాడు. మన కాగితాల్లో తండ్రి పేరే తప్ప ఇంటిపేరు ఉండదు కదా. నేను చెప్పబోతే, "ఆగమ్మా, మీ అన్న సదువుకున్నోడు. ఏటి రాసినాడో సూడు లా," అన్నాడు, ఇక్కడి అలవాటుగా మాట చివర మలయ్ 'లా' తగిలించి.

చూశాను. పన్నెండు నోటు పుస్తకాలు. అన్నింట్లోనూ పన్నెండొందల ఏళ్ల కిందట యూరప్‌లో బతికిన ఆ ఫ్రాంకుల జాతి దొర హుగ్బాల్డే. వాడి తండ్రి ఎవరు? అదే పేరున్న ఇంకో దొర వాడి మేనమామా, లేక ఇద్దరూ ఒకరేనా? మనవడికి తాత పేరు పెట్టే మన ఆచారాన్నే వాడికీ అంటగట్టి, తాతను కూడా తేల్చావు. వాడు మనకేమవుతాడని ఇంత అవస్థ?

చివరి పేజీలో మాత్రం పెన్సిలుతో ఒక్క లైను: "మన ఇంటిపేరు? చెల్లిని అడగాలి."

పక్క గదిలోనే ఉన్నాను. రోజూ టీ అడిగావు, కళ్లద్దాలు అడిగావు. మన ఇంటిపేరు నాయనమ్మ నాకెప్పుడో చెప్పింది.

నీ లైను కింద "గొర్లె" అని రాసి, తీసుకెళ్లి చదివి వినిపించాను. ఆ పెద్దాయనకు తెలుగు చదవడం రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, "మాది వేరేలే. మీ అన్న రాసినాడు గదా, ఇంక సాలు," అన్నాడు.

ఔనన్నాను.