తప్పు నలభై ఒకటి

మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర

అచ్చుతప్పులకు సింహస్వప్నం, అక్క కొడుకులకు ఆశ్రయదాత అయిన మా పిన్నిగారి సముఖానికి,

గాభరా అనే బిరుదును నీ చేతుల మీదుగానే అందుకున్న ఈ అర్భకుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం అడుగుదామంటే ఫోన్ ఎత్తవు. తొమ్మిది రోజుల్లో పదిహేడుసార్లు చేశాను. బాబాయ్ ఎత్తి, మీ పిన్ని ప్రూఫులు చూసుకుంటోందిరా అంటాడు. పదిహేడుసార్లూ ప్రూఫులేనా బాబాయ్ అంటే, పెద్ద పుస్తకంరా అన్నాడు. మీ ఊరు వచ్చేద్దామా అనుకున్నాను గానీ, తలుపు తీసి ఎవరు కావాలి బాబూ అంటావేమోనని భయం. అందుకే కాగితం తీశాను. పరీక్షలయ్యాక పెన్నుతో ఇంత పొడుగు రాయడం ఇదే. దస్తూరీకి మార్కులు వేయకు.

ఇక విషయం. నాకు ఒళ్ళు మండిపోతోంది పిన్నీ. జరిగింది నీకు తెలిసిందే. అయినా మొదట్నుంచీ వరుసగా చెప్పుకుంటే తప్ప నా కోపానికి తృప్తి లేదు, విను.

మన 'పరుగు' భాషకు ఆరేళ్ళు. మనిషి రాసిన ప్రోగ్రామును ముందే మొత్తం యంత్రభాషలోకి మార్చి, ఆపైన గుర్రంలా పరిగెత్తించే కంపైలర్ మనది. జీతం భత్యం లేకుండా ఇరవైమందిమి, ఎవరి ఊళ్ళో వాళ్ళం కూర్చుని, ఖాళీ దొరికినప్పుడల్లా కట్టుకుంటూ వచ్చాం. మొదటి ఇటుక పెట్టినాయన కాబట్టి ఆయన్ని మేస్త్రీ అంటాం. వేగమంతా ఆయన చలవే, కాదనను. కానీ ప్రోగ్రాములో తప్పుంటే కంపైలర్ ఆ సంగతి ఎలా చెప్పాలన్నది నీ పని. ఇరవై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినదానివి. ఎదుటివాడి తప్పును వాడు సిగ్గుపడకుండా చూపించడం నీకు చేతనైనట్టు మాలో ఎవరికీ చేతకాదు. "ఏడో పంక్తిలో జాబితా అని పిలిచారు. ఆ పేరుగలవారు ఇక్కడ లేరు. మూడో పంక్తిలో పట్టిక ఉంది. ఆమెనా మీరు పిలిచింది?" అని కంపైలర్ అడుగుతుంటే, చీవాట్లకు సిద్ధపడి వచ్చినవాడికి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు ఉండేది. అలాంటివి నాలుగువందల పన్నెండు. మూడేళ్ళ పని.

ఇప్పుడు అక్కడేముంది? "తప్పు 41". అంతే. ఎక్కడో చెప్పదు, ఎందుకో చెప్పదు. ట్రాఫిక్ పోలీసు బండి ఆపి, మన మొహంలోకి తేరిపార చూసి, నలభై ఒకటి అనేసి వెళ్ళిపోయినట్టుంది.

దీనికంతటికీ మూలం ఆ గ్లాసు. ఎవరు ఏ మార్పు తెచ్చినా కంపైలర్ చేత కంపైలర్‌నే (అదీ పరుగులో రాసిన ప్రోగ్రామే కదా) కట్టించడం, అది మొదలవగానే మేస్త్రీ గ్లాసెడు మంచినీళ్ళు ఎత్తడం, గ్లాసు ఖాళీ అయ్యేలోపు పని పూర్తయితేనే మార్పు నెగ్గినట్టు లెక్క. ఒక మనిషి గొంతు వెడల్పును బట్టి భాష భవిష్యత్తు తేల్చే సంఘం మాదొక్కటేనని నేను పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నా నోరు పడిపోను. నీ సందేశాలు అంత వివరంగా పలకాలంటే ప్రతి మాటా ఏ పంక్తిలో ఎక్కడుందో కంపైలర్ గుర్తుపెట్టుకోవాలి. దానికి ఇంకో రెండు గుక్కలు తాగేంత సేపు పడుతుంది. రెండు గుక్కలు పిన్నీ. సంవత్సరాంతపు సమావేశంలో అందరి ముందూ గ్లాసు ముందుగా ఖాళీ అయిపోకూడదని నీ మూడేళ్ళనూ ఎత్తి బయట పెట్టేశారు. చెప్పిన కారణం రెండే మాటలు: బరువు తగ్గింపు. మూడేళ్ళ పనిని పొట్ట అనుకున్నారో ఏమో. నువ్వు ఆ ప్రకటన చూసి మారుమాట లేకుండా గుంపులోంచి తప్పుకున్నావు.

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో చెబుతాను. మన నర్సమ్మ గుర్తుందిగా, వార్డులో ఎవరికి ఏ డ్యూటీ అన్న పట్టిక కోసం తనే ప్రోగ్రాము రాసుకున్నావిడ. కంపైలర్ కొత్త రూపును తన కంప్యూటర్లో వేసుకున్న మర్నాడే, నలభై ఒకటి అంటే ఏంటండీ అని గుంపులో అడిగింది. మన వేగభక్తుల్లో ఒకడు, కంపైలర్ కోడ్ తెరిచి చదువుకోండి, అందులోనే ఉంటుంది అని సెలవిచ్చాడు. ఆవిడ ఏమందో తెలుసా? నేను పన్నెండు గంటలు నిలబడి వచ్చానండీ, తప్పు పట్టుకున్నది మీ మిషను, పట్టుకున్నవాళ్ళే అదేంటో చెప్పొచ్చుగా అంది. ఇప్పుడావిడ స్కేలూ పెన్సిలూ పెట్టి గళ్ళు గీసుకుంటోందట. వేగం కోసం పుట్టిన భాష ఒక మనిషిని స్కేలు దగ్గరికి తిప్పి పంపింది. దీన్ని ఏ గ్లాసుతో కొలవాలో ఎవరైనా చెబితే బాగుండు.

నేను ఊరుకోలేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. సైకిళ్ళ షాపు మీద ఆ ఇరుకు గది, మూత ఊడదీసిన మూడు పాత కంప్యూటర్లు, వాటి మీద ఆరేసిన తువ్వాలు. వెళ్ళగానే కడిగేశాను. వేగమే కావాలంటే అసలు తప్పులే వెతకడం మానేయమనండి, ఇంకా తేలిగ్గా ఉంటుంది అన్నాను. ఆయన నెమ్మదిగా, అంతంత పొడుగు సందేశాలు ఎవరు చదువుతారు బాబూ అన్నారు. వంటింట్లోంచి ఆయన భార్య అందుకుని, ఈయన ఇంట్లోనూ అంతేనయ్యా, ఏం తప్పు చేశానో చెప్పరు, మొహం మాత్రం రోజుకో నంబరులా పెడతారు అంది. ఆ ఇంట్లో నాకు దొరికిన న్యాయం అదొక్కటే.

అప్పుడు మేస్త్రీ తన బ్రహ్మాస్త్రం తీశారు. ఇది నేనొక్కణ్ణీ చేసింది కాదు, పద్ధతి ప్రకారం ఇంకొకరు చదివి సరే అన్నాకే లోపలికి వచ్చింది అన్నారు. ఎవరండీ ఆ మహానుభావుడు అంటే, నావైపు అదోలా చూసి, తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టారు. నీళ్ళు నమిలే పెద్దమనుషుల్ని చూశాను గానీ తువ్వాలు మడతపెట్టేవాళ్ళని చూడలేదు.

పిన్నీ, నాకు మేస్త్రీ మీదకన్నా ఆ రెండోవాడి మీదే ఎక్కువ కోపం. మేస్త్రీకి వేగం పిచ్చి, అది లోకానికంతా తెలుసు. మరి చదవడానికని కూర్చోబెట్టినవాడికి ఏమైంది? వాడి కళ్ళు తాకట్టులో ఉన్నాయా? ఒక మనిషి మూడేళ్ళు కూర్చుని రాసినదాన్ని పీకి పారేస్తుంటే, ఒక్క ప్రశ్న అడగని ఆ మొద్దు ఎవడు? గుంపులో ఉంటూ, మనతో నవ్వుతూ, మనం రాసింది వాడుకుంటూ, తీరా వేళకి బొటనవేలు తప్ప ఇంకేమీ కదపని ఆ బద్ధకిష్టికి సభ్యత్వం ఎందుకు? వాడి పేరు తెలిసిన రోజున సభాముఖంగా శాలువా కప్పి మరీ ఉతికి ఆరేస్తాను.

వచ్చే సోమవారం సాయంత్రం ఈ రూపును ఖాయం చేస్తారు. ఖాయమైతే ఇంక రెండేళ్ళు కదపరు. ఆలోపు నీ పని తిరిగి లోపలికి రావాలి, దానితోపాటు నువ్వూ రావాలి. ఇంతమందిలో నీ తరఫున నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. కనీసం నా ఫోనైనా ఎత్తు.

బాబాయ్‌కి నమస్కారాలు. అబద్ధాలు ఆయనకు నప్పవని చెప్పు.

ఇట్లు,
న్యాయం కోసం ఒంటరిగా పోరాడుతున్న నీ అక్క కొడుకు,
గాభరా

తా.క. శనివారం.

ఉత్తరం మంగళవారమే అయిపోయింది. కవరు అంటించేముందు ఆ మొద్దు పేరు కూడా చేర్చుదామని గుంపు రికార్డు తెరిచాను. మార్పు వచ్చింది నువ్వు తప్పుకోక ముందటి గురువారం పదకొండు గంటల నాలుగు నిమిషాలకు. సరే అని పడింది పదకొండూ ఐదుకు. పదకొండు వేల పంక్తులు, ఒక్క నిమిషం. పక్కన ఉన్న పేరు నాది.

అప్పుడు గుర్తొచ్చింది. మంగలి షాపులో కుర్చీలో ఉన్నాను, ఒక చెంప నిండా సబ్బు నురగ. ఫోన్‌లో "వేగం: నలభై శాతం లాభం" అన్న శీర్షిక కనిపించింది. కింద ఏముందో తెరవలేదు. సరే నొక్కేసి, అది చాలనట్టు, అదరగొట్టారు మేస్త్రీ అని కూడా రాశాను. ఆ రికార్డు గుంపులో అందరికీ కనపడేదే. నువ్వు మొదటిరోజే చూసి ఉంటావు. చూసి కూడా ఎవరితోనూ అనలేదు. నేను పదిహేడుసార్లు ఫోన్ చేసి నీ తరఫున మండిపడ్డాను.

పైన ఉన్న తిట్లలో ఒక్కటీ కొట్టేయలేదు. అన్నీ సరైన విలాసానికే చేరాయి.

బుధవారం నుంచి నీ పనంతా తిరిగి పెడుతూ ప్రతి పంక్తీ చదివాను. మూడు రోజులు పట్టింది. ఒక్కో సందేశం పైనా, కంపైలర్ పట్టించుకోని చిన్న వ్యాఖ్యలో, ఆ తప్పు ఎవరు చేస్తే నీకు ఆ సందేశం తట్టిందో రాసి పెట్టుకున్నావు. "నర్సమ్మ, రెండోసారి." "మేస్త్రీ, ఒప్పుకోలేదు." నూట అరవై మూడు చోట్ల గాభరా అని ఉంది. నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను నేర్చుకున్న ఆ వేసవి మొత్తం అందులో ఉంది పిన్నీ. నేను ఒక్క నిమిషంలో సరే అన్నది దాన్ని తీసేయడానికి.

మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పాను. తను అడ్డుపడనన్నారు. కానీ పద్ధతి పద్ధతే, మార్పు పెట్టినవాడు కాక ఇంకొకరు చదివి సరే అనాలి అన్నారు. ఆ ఇంకొకరు నువ్వే కావాలి. కొరియర్‌వాడు ఇది సోమవారం పొద్దున్నే ఇస్తానన్నాడు. సరే అనకపోయినా పర్వాలేదు, చదువు.

చివర్లో నాలుగువందల పదమూడోది నేను చేర్చాను. అది ప్రోగ్రాములకు కాదు, చదివి సరే అనేవాళ్ళకు. ఎవరైనా చదవకుండా నొక్కితే ఇలా అడుగుతుంది: "ఇన్ని పంక్తులకు ఒక నిమిషం చాలదండీ. మొదటి పంక్తి నుంచి మళ్ళీ మొదలుపెడతారా?" అందులో తప్పులుంటే దిద్దు. పైన వ్యాఖ్య మాత్రం నువ్వు రాసే పద్ధతిలోనే రాశాను: "గాభరా, నూట అరవై నాలుగోసారి."