గువ్వ ముక్కుకు అంటిన రంగు

గురువారం

పొద్దున వాకిట్లో పడి ఉన్న గువ్వ ముక్కుకు గులాబి రంగు పొడి అంటి ఉంది. పురుగుమందు కలిపి ఆరబోసిన మక్క విత్తనాలు తిన్నదని అప్పుడు అర్థమైంది. ఒళ్లో పెట్టుకుంటే దాని కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

"పసుపు నీళ్లు పొయ్యి బిడ్డా, లేస్తది," అంది నానమ్మ. దూదితో పోశాను. రెండు చుక్కలు మింగింది. మూడోది పక్కనుంచి కారిపోయింది.

"పిట్టలకు దవాఖాన పెట్టినవా?" అని నవ్విన బాపు, విత్తనాల మీద టార్పాలిన్ లేకపోవడం చూసి అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "పట్టా కప్పకుంట ఎట్ల పండుకున్నవే?"

అమ్మ పట్టా తెచ్చి విత్తనాల మీద కప్పింది.

మధ్యాహ్నానికి గువ్వ చల్లబడింది. చేను గట్టున పాతిపెట్టాను. అమ్మ ఇంకా అన్నం తినలేదు.

నిన్న సాయంత్రం పట్టా కప్పమని అమ్మ చెప్పింది నాకే. పుస్తకంలోంచి తలెత్తకుండా సరేనన్నాను.