తాళం తిప్పిన దిగుడు

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఈ డైరీ ఎరువుల కొట్టాయన ఇచ్చాడు. నెల రోజులుగా ఖాళీగా పడి ఉంది. ఈరోజు ఒళ్ళు మండి తెరిచాను.

బెల్లం యార్డుకి వచ్చే వ్యాన్ డ్రైవర్లం నలభై మందిమి. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. చీడికాడ వైపు ఊళ్ళ నుంచి దిమ్మలు ఎక్కించుకుని అనకాపల్లి తెస్తాను. రెండేళ్ళయింది. ఒక్క దిమ్మ పగలగొట్టలేదు, ఒక్క కుక్కని తొక్కలేదు. అయినా పొద్దున అన్‌లోడింగ్ లైన్లో దేవీప్రసాద్ అందరికీ వినబడేలా అన్నాడు, సుప్రియ దిగుడులో కూడా ఇంజను రంకెలేయిత్తాది బావా, డీజిలు దాని కన్నోరు పంపుతన్నారేటి అని. అందరూ నవ్వారు. టీ పోసేవాడు కూడా నవ్వాడు.

వీళ్ళు చేసేది నాకు తెలుసు. కల్వర్టు దిగుడు పైన తాళం తిప్పి ఇంజన్ ఆపేస్తారు. న్యూట్రల్లో జారుకుంటూ కిందకొచ్చి, కల్వర్టు దాటాక మళ్ళీ స్టార్ట్ చేస్తారు. అదో మొగతనం. నేను మూడో గేరులో దిగుతాను. అందుకని నాకు డ్రైవింగ్ రాదట.

5 ఫిబ్రవరి, బుధవారం

జియావుద్దీన్ బాబాయ్ షెడ్‌లో బ్రేకుల పని. ముందు ప్యాడ్లు, వెనక లైనర్లు, ఆయిల్ అన్నీ మార్చాడు. గుంటూరు నుంచి వచ్చిన పార్ట్ నచ్చక వెనక్కి పంపించి ఇంకోటి తెప్పించాడు. అలాంటి మనిషి.

ఓనరు నాకు బండి ఇచ్చింది ఈయన మాట మీదే. ఆడదానికి లోడు బండేటి బాబూ అని ఓనరు నసిగితే, ఏదైనా అయితే నాది పూచీ అన్నాడట. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఓనరు చెబితే తెలిసింది.

ఈరోజు మళ్ళీ పాఠం చెప్పాడు. దిమ్మలతో కలిపి టన్నుంపావు నీ ఎనకాలుంటాది బేటీ, నువ్వాగినా అది ఆగదు, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అన్నాడు. ఇంజన్ ఆపేస్తే బ్రేకుకి బలం రెండు తొక్కుళ్ళ వరకేనట. తర్వాత పెడల్ బండరాయి. నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి తొక్కించాడు. నిజమే, మూడోసారికి కదల్లేదు. నాకు తెలుసులే బాబాయ్ అన్నాను.

8 ఫిబ్రవరి, శనివారం

ఈరోజు కూడా ఆఖర్నే చేరాను. దేవీప్రసాద్ చేతి వాచీ చూపించి ఆవలించాడు. వెధవ.

10 ఫిబ్రవరి, సోమవారం

బ్రేకులు ఫెయిలయ్యాయి.

11 ఫిబ్రవరి, మంగళవారం

చెయ్యి వాచింది. అయినా రాస్తాను.

నిన్న పొద్దున బుల్లమ్మ గారి లోడు. ఆవిడ ఎప్పుడూ దిమ్మలతోనే వస్తుంది. తమ మనిషి పక్కన లేకపోతే తూకంలో దిమ్మలు మారిపోతాయని ఆ ఊరి రైతుల భయం. క్యాబిన్‌లో నా పక్కన కూర్చుని, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని, కోడలు కుమారి మీద చాడీలు చెబుతూ ఉంటుంది. నాకు ఆవిడంటే ఇష్టం.

దిగుడు దిగుతున్నాం. కింద కల్వర్టు మీదకి ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. బ్రేకు తొక్కాను. ఇంకోసారి తొక్కాను. పెడల్ బిగుసుకుపోయింది. రెండు కాళ్ళూ వేసి తొక్కాను. బండి ఆగలేదు. ట్రాక్టరు తప్పించబోయి కల్వర్టు గోడకి ఎడమవైపు కొట్టాను. ఎడమవైపు అంటే బుల్లమ్మ వైపు.

దిమ్మలు క్యాబిన్ వెనకని పొడుచుకుంటూ వచ్చాయి. జనం పరుగెత్తుకొచ్చారు. కొందరు ముందు బెల్లం ఏరారు. అది నేను మర్చిపోను.

బుల్లమ్మ ఎడమకాలు రెండు చోట్ల విరిగింది. ప్లేటు వేస్తారట.

అయిదు రోజులు కాలేదు బ్రేకుల పని చేయించి. అయిదు రోజులు! ఆ ముసలాయనకి కళ్ళు కనబడటం లేదేమో. కొత్త పార్టులన్నాడు, ఆయిలన్నాడు, పాఠాలు చెప్పాడు. స్టేషన్‌లో అదే రాసిచ్చాను. బ్రేకులు ఫెయిలయ్యాయి అని.

12 ఫిబ్రవరి, బుధవారం

ఆస్పత్రికి వెళ్ళాను. కుమారి నన్ను చూసి మొహం తిప్పుకుంది. బుల్లమ్మ ఆమెని కసిరింది. దాన్నేటీ అనకే, అదెంత జాగర్తగా నడుపుతాదో నాకు తెల్దేటి, పాడు బ్రేకులు పోతే అదేటి సేత్తాది అంది. నా చెయ్యి పట్టుకుని నీకేటీ అవనేదు గదమ్మా అని అడిగింది.

బయటికొచ్చి గోడకి తల బాదుకోవాలనిపించింది. ఎందుకో రాయను.

14 ఫిబ్రవరి, శుక్రవారం

యార్డులో అందరూ ఒక్కసారిగా మంచివాళ్ళయిపోయారు. దేవీప్రసాద్ టీ ఇప్పించాడు. నీ తప్పేటీ నేదు సుప్రియా, ఆ ముసిలోడి సేతి పని అంతే అన్నాడు. రెండేళ్ళలో నా తప్పు లేదని వాడు అనడం ఇదే మొదటిసారి. టీ బాగానే ఉంది. ఛీ.

జియావుద్దీన్ షెడ్ ముందు నాలుగు బండ్లు ఉండేవి. ఈరోజు ఒక్కటీ లేదు. అందరూ బైపాస్ దగ్గర కుర్ర మెకానిక్ దగ్గరికి పోతున్నారట. ఆయన స్టూలు మీద కూర్చుని ఖాళీ రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను అటువైపు నుంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాను.

15 ఫిబ్రవరి, శనివారం, పొద్దున 11

ఆయనే ఇంటికి వచ్చాడు. గుమ్మం లోపలికి రాలేదు. స్టేషన్ దగ్గర పడేసిన బండిని వెళ్ళి చూశాడట. ఆయిల్ కారలేదు, ప్యాడ్లు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి, ఏదీ నాకో మాట సెప్పు బేటీ, పెడల్ కిందికి దిగిపోనాదా, గట్టిపడిపోనాదా అని అడిగాడు.

గట్టిపడింది అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

ఫెయిలైతే కిందికి దిగిపోతాది కదా అన్నాడు.

నేను అరిచాను. చుట్టుపక్కల వాళ్ళు బయటికొచ్చేలా అరిచాను. మీ పని మీరు చేతకాక నా మీదకి తోస్తారా, మీకూ నేను ఆడదాన్నని లోకువేనా అన్నాను. ఆయన్ని! నా కోసం పూచీ పడిన మనిషిని!

ఆయన గట్టిగా ఒక్క మాట అనలేదు. తాళం ఏ పక్కకి తిరిగుందో చూసేనమ్మా అన్నాడు. నేను సెప్తే తప్పించుకోడానికి సెప్తన్నానంటారు, సెప్తే నువ్వే సెప్పాల అన్నాడు. వెళ్ళిపోయాడు.

సాయంత్రం 4

పోనీ. ముసలాయన ఏదో ఒకటి చేసుకుని బతుకుతాడు. నాకు ఈ స్టీరింగ్ తప్ప ఏముంది?

17 ఫిబ్రవరి, సోమవారం

నా డైరీలో కూడా నేను అబద్ధం రాశాను. ఎవరు చదువుతారని? ఎవరికి భయపడి?

దిగుడు పైన తాళం తిప్పాను. అదీ జరిగింది.

ఆ రోజు నా ముందు దేవీప్రసాద్ బండి వెళ్తోంది. దిగుడు పైకి వచ్చేసరికి వాడి పొగ ఆగిపోయింది. అద్దంలోంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు, రా చూద్దాం అన్నట్టు. రెండేళ్ళు ఊపుతూనే ఉన్నాడు, రెండేళ్ళు పట్టించుకోలేదు. ఆ రోజు పట్టించుకున్నాను. ఇంజన్ ఆగాక ఎంత నిశ్శబ్దంగా ఉందో! గాలి తప్ప ఏమీ లేదు. ఏటమ్మా బండాపీసేవు అని బుల్లమ్మ అడిగింది. ఆపలేదత్తా, మనమూ మగాళ్ళలాగే దిగుతున్నాం అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. బండి స్పీడు అందుకుంది. ఒకసారి తొక్కాను, బాగానే పనిచేసింది. ఇంకోసారి తొక్కాను. అప్పటికే ఉన్న బలం అయిపోయింది. ట్రాక్టరు కనబడింది.

నాకు తెలుసు. అయిదు రోజుల ముందు నా కాలితోనే తొక్కి చూశాను. తెలియక చేసినవాడికైనా క్షమ ఉంటుందేమో.

దేవీప్రసాద్ మీద తోద్దామని మధ్యాహ్నమంతా చూశాను. వాడు చెయ్యి ఊపాడు అంతే. తాళం తిప్పిన చెయ్యి నాది.

18 ఫిబ్రవరి, మంగళవారం

చెప్పేశాను.

ముందు స్టేషన్‌కి వెళ్ళి మళ్ళీ రాసిచ్చాను. రైటరు విసుక్కున్నాడు, ఒకసారి రాసిచ్చిన కాగితం మారిస్తే ఎలాగమ్మా అన్నాడు. మార్చాల్సిందే అన్నాను. తర్వాత యార్డు గేటు దగ్గర అందరూ టీ తాగే వేళకి వెళ్ళి నిలబడ్డాను. బ్రేకులు ఫెయిలవలేదు, నేను ఇంజన్ ఆపేసి దిగాను, జియావుద్దీన్ గారి పని బాగానే ఉంది అని గట్టిగా అన్నాను. గొంతు వణికింది. వణికినందుకు ఇంకా కోపం వచ్చింది.

దేవీప్రసాద్ అన్నాడు, మేం రోజూ సేత్తన్నాం గదా, మాకేటీ అవనేదే, ఆడోళ్ళకి బండిస్తే ఇంతే మరి అని. అందరూ తలలు ఊపారు. ఏ మాట వినకూడదని ఎనిమిది రోజులు ఒక మనిషి కడుపు కొట్టానో, ఆ మాటే విన్నాను. రోజూ చేస్తున్నారు కాబట్టే ఏదో ఒక రోజు మీ పక్కన కూర్చున్నవాళ్ళ కాళ్ళు కూడా విరుగుతాయి అని అరిచాను. ఒక్కడూ నా వైపు చూడలేదు. గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఓనరు ఫోన్ చేసి ఇక పనికి రావద్దన్నాడు.

షెడ్‌కి వెళ్ళాను. జియావుద్దీన్ బాబాయ్ ఏదో స్కూటర్ కింద ఉన్నాడు. విన్నాడట అప్పటికే. లేవలేదు. ఎనిమిది రోజులు అన్నాడు. అంతే. పదిహేను నిమిషాలు నిలబడ్డాను. స్పానర్ అడుగుతాడేమో, తిడతాడేమో అని చూశాను. ఏదీ లేదు.

19 ఫిబ్రవరి, బుధవారం

బుల్లమ్మకి చెప్పాను.

చాలాసేపు పైన ఫ్యాన్ వైపు చూసింది. తర్వాత, అయితే నీ రోసానికి నా కాలు ఇరిగిందేటే అంది.

అవునన్నాను.

నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. కుమారి మందుల కోసం కిందికి వెళ్ళింది, ఇంకా రాలేదు. కాసేపటికి బుల్లమ్మ గోడ వైపు తిరిగి, బాత్రూమ్‌కి ఎల్లాల, లేపు అంది. లేపాను. బరువంతా నా మీద వేసింది.