ఈల వెయ్యకు

వీరేశ్, నేను హుల్సూర్ పోతున్న, పొద్దుగూకంగ వస్త. మన కుక్కపిల్ల లడ్డును గొలుసు లేకుండ గేటు దాటనియ్యకు. దానికి "ఆగు" అన్న ఒక్క మాటే చెప్పు. ఉర్దూల "రుక్", కన్నడంల "నిల్లు" అని కలిపి ఆగం చెయ్యకు. ఇయ్యాల మేకల మంద పక్కనుంచి పోతున్నా అది నా మాట విని కదలకుండ కూసున్నది. నువ్వే గేటు కాడ నిలబడి తమాషాకు ఈల వేసినవ్. అది చెరుకు ట్రాక్టర్ ముందుకు ఉరికింది. డ్రైవర్ బ్రేక్ కొట్టకపోతే ఏమైతుండె? పైనుంచి "చిన్నది గదా అక్కా" అని నవ్వుతవా? నాకు ఒళ్లు మండిపోతాంది. ఇంకోసారి ఈల వినబడితే నీతో మాట్లాడ.

అక్క

అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నయ్. అంత భయంల గూడ అది నీ కాళ్ల సందులనే దూరింది, నా దిక్కు రాలే. ఇంకా వణుకుతాంది, జర ఒళ్లె పెట్టుకొని కూసో.